దరఖాస్తులో ఒక్క మాట

మా ఆయన రెండేళ్లు బొగ్గు తవ్వడం మానేసి సంఘం పని చేశాడు. బాయి అంటే మాకు బొగ్గు గనే. ఒక బాయి నుంచి ఇంకో బాయికి తిరిగి కార్మికులను కూడగట్టేవాడు. నాకు ఏడో నెల పడ్డాక మళ్లీ కొలువుకు దరఖాస్తు రాశాడు. అందులో తాను సంఘం మనిషినని కూడా రాసుకున్నాడు.

"గా మాట రాయకుంటే ఏం పోతది?" అన్నాను.

"సంఘంల ఉన్నడని కొలువియ్యకపోతే చెల్లదు. కానూను ఉన్నది. నేనే దాసుకుంటే నా ఎనుకొచ్చెటోళ్లు ఏం జెయ్యాలె?"

కానూను ఉంది సరే, సాకులకేం కొదువ? అప్పట్లో బాయి ముందు అందరినీ వరుసగా నిలబెట్టి మేస్త్రీ అరచేతులు తడిమి చూసేవాడు. కాయలు కాయని చేతులైతే పొమ్మనేవాడు. రెండేళ్లు కరపత్రాలు పంచిన మా ఆయన చేతులు నా చేతుల కన్నా మెత్తగా ఉన్నాయి. ఆ సాకు వాళ్లకు దొరకకూడదని ఇరవై రోజులు నా పనులన్నీ ఆయనకే అప్పగించాను. నీళ్లు చేదాడు, వడ్లు దంచాడు, కట్టెలు కొట్టాడు. మా కార్మికుల ఇళ్ల లైన్లలో ఆడవాళ్లు నవ్వలేక చచ్చారు. బొబ్బలెక్కిన చేతులు చాపితే ఆముదం రాసేదాన్ని. "మొత్తుకోకు, నేను దినాం జేసే పనే" అని ఎత్తిపొడిచేదాన్ని గానీ, నా ప్రాణం ఉసూరుమనేది.

ఎంపిక రోజు మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. మేస్త్రీ చేతులు చూసి సరేనన్నాడట. ఆఫీసరు మాత్రం దరఖాస్తు చదివి, ఆ ఒక్క మాట కొట్టేసి తెస్తే రేపే పనిలోకి దిగమని, లేదంటే ఖాళీలు లేవని చెప్పాడట.

"ఇంట్ల అడిగొస్తనన్న. ఏమంటవే?"

కొట్టెయ్యొద్దంటానని ఆయన నమ్మకం. సంఘం మీటింగులకు వండి పెట్టినదాన్ని, అలా అనాలని నాకు తెలియక కాదు. కడుపు మీద చెయ్యేసుకుని నేల చూస్తూ కూర్చున్నాను. ఆయన నా కడుపు వైపు చూసి, పెన్ను తీసి ఆ మాట కొట్టేశాడు.

"ఫికర్ జెయ్యకు. జర నీళ్లు తాగు" అని చెంబు నా చేతికిచ్చి వెళ్లాడు.

మర్నాడే బాయిలో దిగాడు. సంఘం మానలేదు, మొదట చాటుగా చేసినా ఏడాది తిరిగేసరికి మళ్లీ అందరి ముందే తిరిగాడు. నన్ను మాత్రం ఏనాడూ ఒక్క మాట అనలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన వెళ్లాక నేను ఏడ్చాను. ఆయన తల వంచాల్సి వచ్చిందని ఏడుస్తున్నాననుకుని పక్కింటామె ఓదార్చింది. నిజానికి కొలువు దొరికిందన్న సంతోషం ఆగక ఏడ్చాను. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ సంగతి చెప్పలేకపోయాను.