రోమన్ల గిన్నె తోమిన వైనం

సిడ్నీకి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో నాకొక నమ్మకం ఉండేది. చెప్పిన పని చేసేవాడు కూలీ, చెప్పకుండానే చేసేవాడు కాబోయే ఆఫీసరు అని. ఆ నమ్మకంతోనే యూనివర్సిటీలోని చిన్న మ్యూజియంలో వారానికి రెండు రోజుల పనికి కుదిరాను. గ్రీకు, రోమన్ తవ్వకాల్లో దొరికిన చెక్కుడు రాళ్ళకూ కుండపెంకులకూ నంబర్లు వేసి, కొలతలు తీసి జాబితాకెక్కించాలి. (గ్రీకు అక్షరం ఒక్కటీ రాకపోయినా సమాధిరాళ్ళ ముందు తల పంకిస్తూ నిలబడేవాణ్ణి.) నా పైన డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఉండేవారు. తాళాలగుత్తి మెడలో వేసుకుని, ఏ పెంకు ఏ సొరుగులో ఉందో కాగితం చూడకుండా చెప్పేవారు. మా కరీంనగర్ రూమ్మేట్‌కి మాత్రం ఈ ఉద్యోగం మీద గౌరవం లేదు. "మాస్టర్స్ చేయనీకి వచ్చి బోళ్ళు లెక్కవెడుతున్నవారా? ఇంట్ల సింక్ నిండ ఉన్నయ్, అవి ఎవరు తోముతరు?" అనేవాడు.

ఒక శుక్రవారం పెద్దావిడ తొందరగా ఇంటికి వెళ్ళిపోయారు. నేను తెరిచిన సంచిలో, లోపల అడుగంతా మసిపట్టిన రోమన్ కంచు వంటగిన్నె ముక్క ఒకటి ఉంది. మా అమ్మ దగ్గర పెరిగినవాడికి మసిగిన్నె కనబడితే చెయ్యి ఊరుకుంటుందా? పొద్దున టూంగాబీ ఇండియన్ షాపులో కొన్న చింతపండు బ్యాగులోనే ఉంది, స్టాఫ్ కిచెన్‌లో పీచు ఉంది. అరగంటలో గిన్నెను తళతళలాడించాను. సోమవారం ఆవిడ మొహం ఎలా వెలుగుతుందో ఊహించుకుంటూ ఖాళీ సంచి దులిపితే, మడత పెట్టిన చీటీ ఒకటి రాలింది. ఆవిడ చేతిరాతే. 'కడగవద్దు. మసి పరీక్షకు పంపాలి.'

సోమవారం గిన్నె చూసి ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. చదువుకునే రోజుల్లో తానే తవ్వి తీసిన గిన్నెట. అందులో ఏం వండుకునేవారో ఆ మసే చెబుతుందని, అలాంటి పరీక్ష వచ్చేదాకా ఇన్నేళ్ళూ దాచారట. "వాజ్ దేర్ నో స్లిప్ ఇన్ ద బ్యాగ్, లవ్?" అని నెమ్మదిగా అడిగారు. పని పోతుందని భయం. చీటీ నా జేబులోనే ఉంది. "నో, నథింగ్" అన్నాను.

"రాశాననుకున్నానే. మై మెమరీ ఈజ్ గోయింగ్" అన్నారావిడ. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజునుంచి ప్రతి పెంకుకీ కాగితం వెతుక్కోవడం మొదలుపెట్టారు. తీసిన సొరుగే మళ్ళీ తీసి చూసేవారు. క్రిస్మస్ ముందు, ఇక తనను తాను నమ్ముకోలేనని తాళాలు అప్పగించేశారు. వీడ్కోలు బార్బెక్యూ విందులో నా ప్లేటులో తనే సాసేజ్ వేసి, "నీ చురుకుదనం పోగొట్టుకోకు" అన్నారు. అప్పుడైనా చెప్పాల్సింది, చెప్పలేదు. తరువాత చెబుదామనుకునేసరికి ఆవిడ లేరు.

చీటీ ఇప్పటికీ నా సర్టిఫికెట్ల ఫైల్లో ఉంది. ఇప్పుడు ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మా ఇంట్లో కళ్ళజోడు కనబడక మా ఆవిడ "నాకు మతిమరుపు వచ్చేసిందండీ" అంటే చాలు, "లేదు, నేనే ఎక్కడో పెట్టాను" అంటాను. "డాడ్, ఇట్స్ ఆన్ హర్ హెడ్!" అని మా అమ్మాయి నవ్వుతుంది. చేయని తప్పులు ఒప్పుకోవడంలో ఈ వయసులో నాకు మంచి పేరే వచ్చింది.