రావచ్చునని రాసిన నాలుగొందలు

సత్తవ్వకు ఎవరినీ ఊరికే నమ్మే అలవాటు లేదు. పాలలో నీళ్లున్నాయని చెంబు చూడకముందే అనేది. తూకం వేసేవాడి కళ్లు కాదు, చిటికెన వేలు చూడాలని చెప్పేది. అందులో తప్పేమీ లేదు, ఆదిలాబాదు బజారులో నమ్మినవాళ్లు ఎట్లా మునిగారో ఆమె చిన్నప్పటి నుంచి చూసిందే. చిక్కల్లా ఎక్కడంటే, ఆ చూపు మొగుడి మీదికీ తిరిగింది.

మొగుడు అంబదాస్ పదకొండేళ్లు జిన్నింగు మిల్లులో పత్తి చూసే పని చేశాడు. పిడికెడు దూది తీసి రెండు వేళ్లతో లాగి, ఏ పక్క పత్తో, బరువుకోసం ఎన్ని నీళ్లు చల్లారో చెప్పేవాడు. జీతం నెలకు డెబ్బై అయిదు రూపాయలు. 1958లో హైదరాబాదు నుంచి ఒక బీమా కంపెనీవాళ్లు ఉత్తరం రాశారు. పత్తి మిల్లులు, కొట్లు కాలినప్పుడు పోయి, నష్టం ఎంతో తేల్చి రాసే మనిషి ఈ జిల్లాలో కావాలట. ఆ పని చేసేవాడిని సర్వేయరు అంటారు. జీతం ఉండదు, పనికింత అని ఫీజు. అంబదాస్ ఆ ఉత్తరం భార్యకు చదివి వినిపించాడు.

"నెలకు మూడు నాలుగొందలు రావచ్చునని రాసిండ్రు."

సత్తవ్వ చెవిలో నాలుగొందలు పడ్డాయి, 'రావచ్చు' పడలేదు. నన్నడిగితే ఆ తప్పు ఆమెది కాదు. నాలుగొందలను మనిషి ముందర పెట్టి, ఆ 'రావచ్చు'ను తోకలా వెనక తగిలించిన పెద్దమనుషులది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అంబదాస్ మిల్లు పని మానేశాడు.

మొదటి నెల ఒక్క పిలుపూ రాలేదు. రెండో నెల బోథ్‌లో ఒక పత్తి కొట్టు కాలింది. ఫీజు పాతిక రూపాయలు. బస్సుకు, ఎడ్లబండికి, రెండు పూటల తిండికి తొమ్మిది పోయాయి. ఆ పాతికైనా చేతికెప్పుడొచ్చిందంటారు? మూడు నెలలకు, మనియార్డరు మీద. వానకాలంలో అసలు ఏదీ కాలలేదు. ఏడాదంతా కూడి పన్నెండుతో భాగిస్తే నెలకు నలభై పడలేదు.

"వానల పత్తి కాలదు సత్తవ్వా. ఎండలు రానీ," అనేవాడు అంబదాస్.

"అంటె పక్కోని కొంప కాలితెనే మనకు బువ్వనా?"

"కాలాలె అని నేను మొక్కుతున్ననా? కాలినంక లెక్క రాసుడు నా పని."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. వాడకట్టువాళ్లు ఈ సామెత అంబదాస్ ఎదురుగానే అని నవ్వేవాళ్లు. సత్తవ్వకు నవ్వు రాలేదు. నాలుగొందలు రావడం లేదని ఆమె ఒక్కరోజూ అనుకోలేదు, ఎటు పోతున్నాయనే ఆమె బాధ. అతను స్నానానికి పోగానే జేబులు వెతికేది. అంగీ విప్పితే మసి వాసన. ఏ ఇంటి పొయ్యి దగ్గర కూచొని వచ్చాడోనని ఆ అంగీని మళ్లీ మళ్లీ వాసన చూసేది.

"బోథ్‌ల ఎవరున్నరు?" అని ఒకరోజు అడిగేసింది.

"కాలిన గోడలున్నయి," అన్నాడతను. అంతకంటే నిజం ఇంకేం చెప్పగలడు పాపం.

ఈ అనుమానానికి పక్కింటి జమాలున్నీసా పేరు పెట్టి ఇచ్చింది. ఆమె భర్త తహసీలు కచేరీలో చప్రాసి.

"సర్వేయర్లను నేను ఇర్వై ఏండ్ల సంది చూస్తున్న సత్తవ్వా. పై ఆమ్దాని ఉండంగ జీతం ఎవనికి గావాలె? దాన్ని మామూలంటరు. మొగోళ్లు ఇంట్ల చెప్పరు. నిప్పు లేంది పొగ వస్తదా?"

ఆమె చూసింది భూమిని గొలుసుతో కొలిచే సర్వేయర్లను. బూడిదను కొలిచే సర్వేయరు వేరు. ఆ తేడా జమాలున్నీసాకు తెలియదు, సత్తవ్వకు అక్కర్లేదు.

మరుసటి ఎండాకాలం మొదట్లో భైంసాలో ఒక సేటు మిల్లు గోదాము కాలింది. అంబదాస్ పోయి రెండు రోజులైంది. మూడో రోజు మధ్యాహ్నం ఒక మనిషి అద్దె సైకిలు గోడకు ఆనించి, వాకిట్లో నిలబడి దగ్గాడు. ఆ సేటు దగ్గర లెక్కలు రాసే మున్షీ అట, పేరు వాహెద్.

"ఆయన మీ భైంసకే పోయిండు గద," అంది సత్తవ్వ.

"ఎరుకే అమ్మా. గందుకే ఇంటికొచ్చిన." దస్తీలో కట్టిన చిన్న మూట గడప మీద పెట్టాడు. "సాబ్ మామూలు."

జమాలున్నీసా చెప్పిన మాటే. సత్తవ్వ అన్నీ తెలిసినదానిలా మొహం పెట్టి, "ఎప్పటి లెక్కనేనా?" అని అడిగింది.

"ఎప్పటి లెక్కనే. తక్కువేం జెయ్యలే," అని వాహెద్ దండం పెట్టి వెళ్లిపోయాడు.

చూశారా మాట చేసే పని. మిల్లుకు ఏ సర్వేయరు వచ్చినా ఇచ్చేది, అది వాహెద్ మామూలు. మొగుడు నెలనెలా తీసుకొని దాచేది, అది సత్తవ్వ మామూలు. మూటలో సరిగ్గా నాలుగు వందలున్నాయి. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. కూతురికి జ్వరమొస్తే తన కమ్మలు కుదువబెట్టి మందు తెచ్చింది. అప్పుడు పక్కనే కూచొని నేల చూపులు చూసిన మనిషి, ఇంత డబ్బు ఎక్కడ పెట్టాడు?

సాయంత్రం అంబదాస్ వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. ఆమె అన్నం పెట్టలేదు, మూట పెట్టింది.

"నీ మామూలొచ్చింది. ఎప్పుడు దాచుకునే తాన దాచుకో."

అతను మూట విప్పి చూశాడు. ఎవరిచ్చారో విన్నాడు. మూట మళ్లీ ముడి వేశాడు.

"సేటు అయిదొందల బేళ్లు కాలినయని రాసిండు," అన్నాడు. "దూది కాలుతది గని బేళ్లకు కట్టిన ఇనుప పట్టీలు కాలవు. మూడు దినాలు బూడిద జల్లెడ వట్టి పట్టీలు ఏరిన. రెండొందల బేళ్లకే ఉన్నయి. ఇగ నేనేం రాసినా అమ్ముడువోయి రాసినట్టే."

సత్తవ్వ అతని చేతులు చూసింది. గోళ్ల కింద మసి, వేళ్ల నిండా పట్టీలు కోసిన గాట్లు. అప్పుడు నమ్మింది. ఏడాదిన్నర తర్వాత, పని చెడిన తర్వాత నమ్మింది.

పొద్దున్నే ఇద్దరూ భైంసా బస్సెక్కారు. వాహెద్ మిల్లు గేటు దగ్గరే ఉన్నాడు. సత్తవ్వ మొహం చూసి కూడా చూడనట్టే ఉన్నాడు.

"ఏం మూట? నేను ఆదిలాబాద్ పోక ఆర్నెల్లాయె," అన్నాడు.

మూటతోనే ఇంటికొచ్చారు. జరిగిందంతా కంపెనీకి రాస్తానని అంబదాస్ కాగితం తీశాడు. సత్తవ్వ ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టింది. "నా పేరు రాయకు. నలుగుట్ల నా ఇజ్జత్ పోతది," అని కాళ్లావేళ్లా పడింది. అతను ఆగిపోయాడు. అతను చేసిన తప్పేదైనా ఉంటే అదొక్కటే. రిపోర్టు మాత్రం పట్టీలు చెప్పినట్టే రాశాడు, రెండు వందల బేళ్లు.

సేటు ఊరుకుంటాడా? అంబదాస్ నాలుగొందలు తీసుకున్నాడు, ఇంకా కావాలన్నాడు, ఇవ్వలేదని తప్పుడు లెక్క రాశాడని కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు. హైదరాబాదు నుంచి ఒక ఆఫీసరు వచ్చి వాకిట్లో కుర్చీ వేయించుకున్నాడు. అంబదాస్ నోరు తెరవకముందే సత్తవ్వ మూట తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నేనే తీస్కున్న సారూ. ఆయనకెరుక లేదు. ఒక్క రూపాయి ముట్టలే."

ఆఫీసరు మూట వంక, ఆమె వంక చూశాడు. "మీ ఆయనకు తెలియకుండానే నాలుగు వందలు ఇంట్లోకి వచ్చాయంటే నమ్మమంటావా అమ్మా? మరి ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదు?"

"నేనే చెప్పనియ్యలే. నేను గూడ మీ లెక్కనే ఆయన్ని నమ్మలే సారూ. తప్పు జేసిన. మీరు జెయ్యకుండ్రి."

ఆఫీసరు డబ్బుకు రసీదు రాసిచ్చి, నీళ్లయినా తాగకుండా లేచాడు. నెల తర్వాత కంపెనీ సేటుకు రెండు వందల బేళ్లకే నష్టం కట్టింది. అంబదాస్ లెక్క వాళ్లకు పనికొచ్చింది. అంబదాస్ మాత్రం పనికిరాలేదు. ఆ తర్వాత ఎన్ని మిల్లులు కాలినా ఒక్క పిలుపూ రాలేదు. పట్టీలు ఏరిన మనిషని మిల్లులవాళ్లూ దగ్గరికి రానివ్వలేదు.

చివరికి దశరథం అనే ధాన్యం వ్యాపారి కొట్టులో గుమాస్తాగా అరవై రూపాయలకు కుదిరాడు. మొదటి జీతం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. సత్తవ్వ చూడకుండానే కొంగున ముడి వేసుకోబోయింది.

"లెక్కవెట్టు," అన్నాడు అంబదాస్.

"ఎందుకు? నువ్వు దెచ్చినయి గద."

"గందుకే. నా ముంగటనే లెక్కవెట్టు. ఈ ఇంట్ల ఎవరన్న ఏమన్న అనుకున్నా, ఇగ నాకు జవాబు చెప్పే ఓపిక లేదు."

అతని గొంతులో కోపం లేదు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. సత్తవ్వ నేల మీద కూచొని, అతను చూస్తుండగా, అరవై రూపాయలూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది.