నాన్న గుండె మీద ఎర్ర చీటీ

నాన్నకు పేస్‌మేకర్ పెట్టించి వైశాలి నగర్ ఇంటికి తెచ్చాక మేం తీసుకున్న జాగ్రత్తలు అన్నీ ఇన్నీ కావు. ఫోను కుడి చెవికే పెట్టుకోవాలి. మలుపులో ఉన్న వెల్డింగు దుకాణం వైపు వెళ్ళకూడదు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవకూడదు. నేనైతే పోలీసులా ఆయన వెంటే తిరిగాను. కాపలా కాయాల్సింది ఆయన కుడి చేతినని నాకు తట్టలేదు.

నాన్న ఉద్యోగం కోసం ఈ హిందీ ఊరికి వచ్చి, ఇక్కడి స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా చేశారు. రిటైరై పదేళ్ళయినా, పొద్దున్నే లేచి ఇంట్లో ప్రతి బోల్టూ పట్టి చూస్తారు. గేటు గొళ్ళెం, సైకిల్ హ్యాండిల్, కుక్కరు పిడి, ఏదీ వదలరు. వదులుగా ఉంటే బిగిస్తారు. బిగువుగా ఉంటే ఊరికే ఒకసారి తిప్పి చూసి సంతోషపడతారు.

మూడో నెలలో ఆయనకు మళ్ళీ కళ్ళు తిరగడం మొదలైంది. ఒక ఉదయం గేటు దగ్గరే కూలబడ్డారు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి డాక్టరు మాకు చూపించాడు. గుండెలో ఉండాల్సిన తీగ ఊడి వచ్చి, బొంగరానికి తాడు చుట్టినట్టు పేస్‌మేకర్ డబ్బాకు చుట్టుకుని ఉంది.

"బాబూజీ, దీన్ని ఎవరు తిప్పారు?" అని హిందీలో అడిగాడు.

నాన్న పైకప్పు వైపు చూశారు. అమ్మ నాన్న వైపు చూసింది.

"నిజం సెప్పు. ఏటి సేసినావు?"

"ఏటీ సెయ్యనేదే. బిగువుగుందో నేదో రోజూ పొద్దుట సూసుకుంతన్నాను. కూసింత వదులుగుంటే..."

"ఉంటే?"

"బిగించీసినాను."

చర్మం కింద ఉన్న డబ్బాను బిగించారట! డాక్టరు ముఖం పక్కకు తిప్పుకుని నవ్వాడు. తీగను మళ్ళీ గుండెలో అమర్చి, డబ్బాను కదలకుండా లోపల కుట్టేస్తానన్నాడు. ఇంకోసారి తిప్పితే ప్రాణానికే ముప్పు అన్నప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ పేపరు చదువుతూ చదువుతూ ఉండగానే ఆ చెయ్యి మళ్ళీ ఛాతీ మీదికి పాకేది. నేను అరిచాను, ఏడ్చాను, అలిగాను. ఏం లాభం లేకపోయింది.

అమ్మ అరవలేదు. ఎర్ర అట్టముక్క కత్తిరించి, దాని మీద "పని జరుగుతోంది. ముట్టరాదు" అని రాసి నాన్న చొక్కా జేబుకు పిన్నుతో గుచ్చింది. ప్లాంటులో మరమ్మతు జరిగే మిషను స్విచ్‌కి అలాంటి చీటీయే కడతారు. కట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ, పెద్ద ఆఫీసరైనా సరే, దాన్ని తీయకూడదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాన్న ఆ నియమాన్ని తప్పలేదు. ఇప్పుడూ అంతే. చెయ్యి చీటీ దాకా వచ్చేది, ఆగేది, తర్వాత వెళ్ళి చెవి గోక్కునేది. నేను కడుపు నొప్పి పుట్టేలా నవ్వేదాన్ని.

మూడు నెలల తర్వాత డాక్టరు పరీక్ష చేసి, తీగ గట్టిగా ఉందని చెప్పాడు. ఇక ఆ చీటీ తీసేయండి బాబూజీ అన్నాడు.

నాన్న ఒక అడుగు వెనక్కి వేశారు. "జిస్నే లగాయా, వహీ నికాలేగా" అని, కట్టినవాళ్ళే తీయాలన్నట్టు అమ్మ వైపు తిరిగారు.

అమ్మ దగ్గరికి వెళ్ళి, ఒక పక్కకు వాలిన చీటీని సరిచేసి, పిన్ను మళ్ళీ గుచ్చింది.

"పని ఇంకా అవనేదు" అంది.

నాన్న ముఖం వెలిగిపోయింది. బయటికి వస్తూ వస్తూ, ఆసుపత్రి తలుపు గొళ్ళెం మాత్రం ఒకసారి తిప్పి చూశారు.