కూర్చోమన్నది ఎవరిని?

మొన్న శుక్రవారం కువైట్ రుమైథియా పేటలోని ఇంట్లో చుట్టాలకు అరబ్బుల కాఫీ కహ్వా పోస్తుంటే మామా మళ్లీ ఆ కథ ఎత్తుకుంది. "దీని చెవుడు వల్ల ఆఫ్రికాలో ఏనుగు మమ్మల్ని తొక్కేసేది" అని నన్ను చూపించింది. అందరూ నవ్వారు. నాకు చెవుడు లేదు. మేడమీద మామా వాళ్ల పాప తుమ్మితే వంటింట్లో ఉన్న నాకు వినిపిస్తుంది. నాలుగేళ్లుగా ఈ మాట పడుతున్నాను కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కువైట్‌లో ఇంటిపనికి వచ్చినవాళ్లం ఇంటావిడను మామా అంటాం. మా రాయచోటిలో మామ అంటే మేనమామ. వచ్చిన కొత్తలో ఆ పిలుపుకు నాకు నవ్వాగేది కాదు.

కెన్యాకు నన్ను తీసుకెళ్లింది పాపను చూసుకోవడానికి. పైకప్పు తెరిచిన జీపులో నిలబడితే కళ్లలో దుమ్ము పడుతుందని మామా కెమెరా నా మెడలో వేసి, "నువ్వు తియ్యి" అంది. నేను నిలబడి జీబ్రాలను తీశాను, జిరాఫీలను తీశాను. ఒక్క ఫోటో చెదరలేదు. ఆ సంగతి ఎవరూ చెప్పరు. మూడో రోజు ఎండ తగ్గే వేళ పిల్లతల్లి ఏనుగు ఒకటి పొదల్లోంచి వచ్చి మా ఎదుట నిలబడింది. డ్రైవరు ఇంజిను ఆపేశాడు. అది చెవులు చేటల్లా విప్పింది. కెమెరాలో దాని కనురెప్పల వెంట్రుకలు కూడా కనిపించాయి.

"మామా, సిట్ డౌన్" అన్నాడు డ్రైవరు, గొంతు తగ్గించి.

మామా కూర్చునే ఉంది కదా అనుకుని ఇంకో ఫోటో నొక్కాను.

"మామా! ప్లీజ్!"

"కూర్చునే ఉన్నాను కదా, ఇంకేం చెయ్యమంటాడు వీడు!" అని మామా అరబ్బీలో గట్టిగా అరిచింది. ఆ అరుపుకే ఏనుగు తొండం ఎత్తి మా మీదికి ఉరికింది. పాప నా కాళ్లను చుట్టేసుకుంది. డ్రైవరు వెనక్కి చెయ్యి చాచి నా చున్నీ పట్టి లాగాడు. పాపతో సహా సీట్లో పడ్డాను. ఏనుగు జీపును ఆనుకుని ఆగింది. దాని ఊపిరి, నమిలిన గడ్డి వాసనతో వేడిగా నా మెడకు తగిలింది. ఎవరమూ కదల్లేదు. చివరికి పిల్లను తొండంతో ముందుకు తోసుకుంటూ వెళ్లిపోయింది.

డ్రైవరు చెమట తుడుచుకుంటూ చెప్పాడు. వాళ్ల దేశంలో పెద్దవయసు ఆడవాళ్లందరినీ మర్యాదగా మామా అనే పిలుస్తారట. అతను పిలిచింది నన్ను! మామా మొహం మాడ్చుకుని, "నీకు చెవుడా?" అంది. తన అరుపు సంగతి ఇప్పటికీ ఎత్తదు.

పక్కింట్లో పనిచేసే కడప అక్కతో చెబితే, "కువైట్‌కొచ్చిన పన్నెండేండ్లకు ఒగడు మర్యాదగా పిలిస్తే పలక్కపోతివే, నీ మొగం మండ!" అని పగలబడి నవ్వింది. ఆమెతో రెండు వారాలు మాట్లాడలేదు.

బిడ్డకు ముప్పొచ్చిందనుకున్న ఏనుగు కోపం నిమిషంలో చల్లారింది. నా కోపానికి నాలుగేళ్లు కూడా చాలలేదు.