ఎదురింటి అన్న పాపట

మా ఎదురింటి అన్న పోయాడని మొన్న పొద్దున పాల ప్యాకెట్లు వేసే ఆయన చెప్పాడు. మొదట బాధ కలిగింది. ఆ వెంటనే, ఇక ఆయన్ని ఓడించే అవకాశం లేదే అనిపించింది. మీరు ఏమనుకున్నా సరే, దాచుకోను.

ఆయన దొడ్డబళ్ళాపురంలో పట్టు నేసి, పెద్దయ్యాక బెంగళూరు చేరినవాడు. నేను సిటీ బస్సు కండక్టరుగా రిటైరైనవాణ్ణి. ఇద్దరికీ ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఒకే ఆటోలో ఆస్పత్రికి పోయేవాళ్ళం. మెట్ల దగ్గర నాకు ఆయాసం తగ్గేదాకా ఆయన గోడమీది బోర్డులు చదువుతూ నిలబడేవాడు. నా కోసమే ఆగానని ఒక్కరోజూ అనలేదు. అదీ నాకు గిట్టేది కాదు.

అక్కడ మా చేతుల సత్తా చూడడానికి ఒక పరీక్ష పెడతారు. ఎదురుగా పలక, దానికి భుజాల ఎత్తున కొన్ని మేకులు, ఇంకాస్త పైన కొన్ని. ఆరు నిమిషాలపాటు రింగుల్ని కిందినుంచి పైకి, పైనుంచి కిందికి మారుస్తూ ఉండాలి. ఎన్ని మార్చామో ఫిజియోథెరపీ అమ్మాయి లెక్కపెడుతుంది. చేతులెత్తితే మాలాంటివాళ్ళకి ఆయాసం ఎక్కువ.

ముప్పై ఏళ్ళు బస్సులో పైకడ్డీ పట్టుకుని నిలబడ్డ చేతులు నావి. అయినా ప్రతిసారీ ఆయనదే గెలుపు. తెగిన పట్టుపోగు అతికేటప్పటిలా ఊపిరి బిగబట్టి చకచకా మార్చేసేవాడు. "ఊపిరి వదలండి సార్!" అని ఆ అమ్మాయి మొత్తుకునేది.

"మగ్గం కాడ పడిన అభ్యాసం యాడికి పోతాదమ్మా?" అని నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఆయన తల చూస్తే ఇంకా మంట. ఎప్పుడూ కొబ్బరినూనె రాసి, గీత గీసినట్టు పాపట తీసి ఉండేది. నాకేమో దువ్వెన ఎత్తితేనే రొప్పు. మా ఆవిడ దువ్వుతానంటే కసిరాను. ఎదురింటాయన తనే దువ్వుకుంటుంటే నాకేం వచ్చింది?

"నిదానంగా చెయ్యప్పా, పని యాడికీ పారిపోదు" అనేవాడు ఆయన. అదీ ఎత్తిపొడుపులాగే వినబడేది.

పరామర్శకి వెళితే ఆయన భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఏదో ఒకటి అనాలని, "అన్న చివరిదాకా తల ఎంత చక్కగా దువ్వుకునేవాడక్కా" అన్నాను.

"ఆయన యాడ దువ్వుకొంటాడప్పా? ఆ రింగుల కాడ రోషంతో ఎట్ల ఎత్తేవాడో గాని, రెండేండ్లాయె, ఇంట్లో చెయ్యి తలకాడికి ఎత్తేదానికే అయ్యేది లేదు. దినామూ నా ముందర కూర్చునేవాడు, నేనే దువ్వేదాన్ని. ఆ రింగుల దినం మాత్రం 'బాగ దువ్వు, ఎదురింటాయన చూస్తాడు' అనేవాడు."

ఆయనకీ నా మీద ఒక కన్ను ఉండేదన్నమాట.

ఆ కుళ్ళు ఇంకా పోలేదు. అయితే ఇప్పుడది రింగుల మీద కాదు. భార్య ముందు తల వంచి కూర్చోవడం ఆయన నాకంటే రెండేళ్ళ ముందే నేర్చుకున్నాడు. ఆ రెండేళ్ళు నేను చిందరవందర జుట్టుతో, రోషంతో తిరిగాను.

నిన్న పొద్దున దువ్వెన తీసుకెళ్ళి మా ఆవిడ ముందు కూర్చున్నాను. పాపట నాకు అలవాటు లేని పక్కకి తీసింది. సరిచేయమనలేదు. వాకిట్లోకి వచ్చి, మూసి ఉన్న ఎదురింటి తలుపుకి నా తల కనబడేలా కాసేపు నిలబడ్డాను.