బాపు పేరున్న మంచం

బోధన్ దగ్గర మా ఊళ్లో చందాలతో కట్టుకున్న చిన్న ఆసుపత్రి ఉంది. చెరకు బాగా పండిన ఏడు మా బాపు దానికి ఒక మంచం ఇచ్చాడు. తలవైపు రేకు మీద ఆయన పేరు రాశారు. ఆయన పోయినా పేరు చెరిగిపోలేదు.

నిరుడు అమ్మకు ఆయాసం ఎక్కువై అక్కడికి తీసుకెళ్తే ఒక్క మంచమూ ఖాళీ లేదు. బాపు ఇచ్చిన మంచం మీద చెరకు కొట్టే కూలీ ఒకతను కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఇది మా మంచం. పేరు సూడు. లే!" అని అందరి ముందూ అరిచాను.

అతను గోడ పట్టుకుని లేవబోయాడు. అమ్మ వగరుస్తూనే అతని భుజం పట్టి ఆపింది.

"పండుకో బిడ్డా, లేవకు." నా వైపు తిరిగి, "మీ బాపు ఇచ్చిండురా. ఇచ్చినంక మనదెట్లయితది?" అంది.

వార్డంతా నన్నే చూసింది. అమ్మ ఆ మంచం పక్కనే చాప మీద పడుకుంది. నర్సు ఆక్సిజన్ మాస్కు పెట్టాక అమ్మ ఇక మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆ చాప మీదే పోయింది.

కూలీ కుంటుకుంటూ మంచం దిగి, దుప్పటి సరిచేశాడు. "అన్నా, ఇప్పుడన్నా అవ్వను మంచం మీద పండబెట్టు" అని ఏడ్చాడు.

నేను అలా నోరు పారేసుకోకపోతే, అమ్మ నాతో అన్న చివరి మాట వేరేదైనా అయ్యేది.