నూతి గాలం, సొట్ట చెంబు

వన్ టౌన్‌లో పాత ఇత్తడి సామాన్లకు మెరుగు పెట్టే మాణిక్యమ్మకు తెలియని వస్తువంటూ లేదని పేరు. తాటాకు మీద రాసే గంటమైనా, పసిపిల్లలకు ఆముదం పట్టే ఉగ్గుగిన్నె అయినా ఇలా తడిమి అలా చెప్పేస్తుంది. తెలియదన్న మాట ఆవిడ నోట వినాలంటే మళ్ళీ పుట్టాల్సిందే! అరవై ఏళ్ళొచ్చినా ఆ పొగరు తగ్గలేదు.

ఆ ఉదయం సుస్మిత అనే అమ్మాయి సంచిలోంచి ఇనుప కొక్కేల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది. ఆరు కొక్కేలు, అందులో ఒకటి బయటికి వంగిపోయి ఉంది. చూడగానే మాణిక్యమ్మ చాచబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మంగళగిరిలో మా అమ్మమ్మ సంపూర్ణమ్మ గారి అటక మీద దొరికిందండీ. ఏంటో ఎవరికీ తెలీట్లేదు."

"నాకూ తెలీదమ్మా. తీసుకెళ్ళిపో."

పక్క కొట్టు కాశీరావు పకపకా నవ్వాడు. "ఇదేంటక్కా! ఇవాళ పొద్దు పడమట పొడిచిందా ఏంటి?"

ఆవిడకు ఆ మాట వినపడనేలేదు. యాభై ఏళ్ళ కిందట మంగళగిరిలో చెల్లెలు రత్నం నూతిలో పడితే, తొమ్మిదేళ్ళ మాణిక్యం ఈ గాలం కోసమే సంపూర్ణమ్మ గుమ్మంలోకి పరుగెత్తింది. గాలం ఊరికే ఇవ్వకూడదు, ఏదో ఒక గిన్నె పూచీ పెట్టుకుని ఇవ్వాలి. అప్పటి ఆచారం అది. సంపూర్ణమ్మ కూడా అదే చెప్పింది. చెల్లి పడిందని చెప్పడానికి పిల్లకు భయంతో నోరు పెగల్లేదు. చెంబు కోసం మళ్ళీ ఇంటికి పరుగెత్తింది. గాలం నూతిలోకి దిగేసరికి అంతా అయిపోయింది. రత్నం పరికిణీ తగులుకున్న కొక్కెమే ఇలా వంగింది.

"పోన్లెండి," అంది సుస్మిత. "మా పాప ఉయ్యాల పైన వేలాడదీసి బొమ్మలు కడతాను."

"వద్దు!" మాణిక్యమ్మ కేకకు కాశీరావు నవ్వు ఆగిపోయింది. "నూతి గాలమమ్మా అది. నూతిలో చేద పడితే దీంతో తీస్తారు. మా చెల్లెల్నీ దీంతోనే తీశారు. బిందె పడిందనుకుంది మీ అమ్మమ్మ. నేనే చెప్పలేదు... భయమేసి."

సుస్మిత ముఖం పాలిపోయింది. "మీ దగ్గరే ఉంచేయండి ఆంటీ," అంటూ వెనక్కి జరిగింది.

దాన్ని ముట్టుకోవడానికి మాణిక్యమ్మకు ఇప్పటికీ చెయ్యి రాలేదు. అయినా లేచింది. ఆ రోజు పూచీ పెట్టి, గాలం తిరిగిచ్చాక వెనక్కి తెచ్చుకున్న సొట్ట చెంబు పైఅరలో ఉంది. ఎవరెంత అడిగినా ఇన్నేళ్ళుగా అమ్మలేదు. దించి సుస్మిత చేతిలో పెట్టింది.

"గాలం ఊరికే తీసుకోకూడదమ్మా," అంది.